గీసే చెయ్యి అద్దంలో ఎటు ఉంటుంది?

(విశాఖపట్నంలో చిత్రకళ విద్యార్థులకూ, బొమ్మలంటే ఇష్టమున్న ఊరివాళ్ళకూ చేసిన ప్రసంగానికి అక్షరరూపం. తెర మీద బొమ్మలు చూపిస్తూ అన్న మాటలను అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. బయట ఉక్కపోత, లోపల ఫ్యాన్లు అంతంత మాత్రం. అందుకని ఉపోద్ఘాతం లేకుండా నేరుగా బొమ్మల్లోకి వెళ్ళిపోతాను.

చిత్రకారులు తమ బొమ్మ తామే వేసుకోవడం మీకు తెలిసిందే. అందులో ఒక చిన్న రకం ఉంది. పనిలో ఉన్న తనను తాను వేసుకోవడం. చేతిలో బ్రష్షు, ఎదురుగా కాన్వాస్ నిలబెట్టే ఈజిల్, పక్కన రంగుల పాలెట్. చూడగానే ఎంతో నిజాయితీగా అనిపిస్తుంది, ఉన్నదున్నట్టు వేసుకున్నాడు కదా అని. కానీ ఉన్నదున్నట్టు చూసి వెయ్యడానికి అసలు వీల్లేని బొమ్మ ఇదే.

అద్దం ముందు కూర్చున్నారనుకోండి. ముఖం కదలకుండా ఉంచగలరు. భుజం ఉంచగలరు. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపైనా ఉండగలరు. గీసే చేతిని మాత్రం ఎలా చూస్తారు? దాన్ని చూసి వెయ్యాలంటే అది ఆగాలి. ఆగిందంటే అది గీయడం లేదు. గీస్తున్నప్పుడేమో మీ చూపు కాగితం మీద ఉంటుంది, అద్దంలో ఉండదు. ఒళ్ళంతా మోడల్‌గా కూర్చుంటుంది గానీ ఆ ఒక్క చెయ్యీ కూర్చోదు. అందుకని ఇలాంటి బొమ్మ ఎక్కడ కనిపించినా ముందు ముఖం చూడకండి. గీసే చెయ్యి ఎక్కడుందో వెతకండి. చాలాసార్లు అది చీకట్లో ఉంటుంది, లేదా కాన్వాస్ వెనక దాక్కుని ఉంటుంది, లేదా ఎవరి చెయ్యో తెచ్చి అతికించినట్టు ఉంటుంది.

దీనికి తోడు అద్దం చేసే తిరకాసు ఇంకొకటుంది. కుడిచేతివాటం మనిషి అద్దంలో ఎడమచేతివాటంగా కనిపిస్తాడు. కనిపించినట్టే వేస్తే బొమ్మలో ఎడమ చేత్తో బ్రష్షు పట్టుకుంటాడు. ఇదిగో, తెర మీద ఉన్నది డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ ముసలితనంలో వేసుకున్న చిత్రం. వెనక గోడ మీద రెండు పెద్ద వలయాలున్నాయి చూడండి. 1665 తర్వాతి సంవత్సరాల్లో వేసింది, ఇప్పుడు లండన్‌లోని కెన్‌వుడ్ హౌస్‌లో ఉంది. దీన్ని ఎక్స్‌రే తీసినప్పుడు అడుగున వేరే అమరిక బయటపడింది. మొదట ఆయన అద్దంలో ఎలా కనిపించిందో అలాగే వేశాడు, పాలెట్ ఒకవైపు, కాన్వాస్ మీదికి లేచిన చెయ్యి ఇంకోవైపు. తర్వాత అదంతా చెరిపి పాలెట్టూ బ్రష్షులూ ఈ పక్కకి మార్చాడు. ఇప్పుడు ఆ పాలెట్ పట్టుకున్న చేతిని దగ్గరగా చూడండి. వేళ్ళున్నాయా? లేవు. నాలుగు గబగబా బ్రష్షు దెబ్బలు, అంతే. ముఖం మీద అంత ఓపిక పెట్టిన మనిషి చేతిని అలా వదిలేశాడు. నా మటుకు నాకు ఆ బొమ్మలో ముఖం కంటే ఆ లేని వేళ్ళే ఎక్కువ ఇష్టం.

వాన్ గో సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1888 డిసెంబరులో కోసుకున్నది ఎడమ చెవి. మరుసటి నెలలో వేసుకున్న చిత్రాల్లో కట్టు కుడి చెవికి ఉన్నట్టుంటుంది. ఆయన అద్దాన్ని సరిదిద్దే పని పెట్టుకోలేదు. రెంబ్రాంట్ పెట్టుకున్నాడు. ఈ రెండిట్లో ఏది గొప్ప అని నన్నడక్కండి, రెండూ రెండు రకాల మనుషులు.

ఇది మీ జేబులోనే ఉంది, ఫోన్ తీసి చూడండి. ముందు కెమెరా తెరిస్తే తెర మీద కనిపించేది అద్దంలో బొమ్మే. నొక్కాక చాలా ఫోన్లు దాన్ని తిప్పి దాచుకుంటాయి. అందుకే సెల్ఫీ చూసుకుని “నా ముఖం ఇలా వంకరగా ఉందేటి గురూ” అని మన కుర్రాళ్ళు కంగారు పడతారు. ఊళ్ళో అందరూ రోజూ చూస్తున్నది ఆ ముఖాన్నే బాబూ. నీకొక్కడికే అది కొత్త.

ఇప్పుడు ప్రింట్ దగ్గరికి వద్దాం. నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడుంది. ప్లేట్ మీద, అంటే అచ్చు తీసే రేకు మీద, ఏం గీసినా కాగితం మీద తిరగబడి పడుతుంది. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. బట్ట మీద కుడివైపు చూడాల్సిన చిలకని వాళ్ళు చెక్క మీద ఎడమవైపుకే చెక్కుతారు. సరే, అద్దం చూసుకుంటూ నేరుగా రాగిరేకు మీద మీ బొమ్మ గీసుకున్నారనుకుందాం. అద్దం మిమ్మల్ని ఒకసారి తిప్పింది. ప్రెస్ రెండోసారి తిప్పింది. రెండు తిరుగుళ్ళూ కొట్టేసుకుని కాగితం మీద మీరు సరిగ్గా పడతారు. కుడి చెయ్యి కుడి చెయ్యిగా, పాపిడి ఎటుంటే అటుగా, పుట్టుమచ్చ ఉన్న చెంప మీదే. అంటే అద్దం ముందు వేసిన పెయింటింగ్‌లో ఉండేది మీకు మాత్రమే తెలిసిన మీరు. అదే అద్దం ముందు చేసిన ఎచింగ్‌లో, అంటే రాగిరేకు మీద గీసి ఆసిడ్‌తో తినిపించి తీసిన ప్రింట్‌లో, ఉండేది ఎదుటివాళ్ళకి తెలిసిన మీరు. ఒకే మనిషి, ఒకే కుర్చీ, ఒకే అద్దం. పనిముట్టు మారేసరికి ఎవరి కళ్ళతో చూస్తున్నామో మారిపోయింది.

దీనికి నాకు తెలిసిన అందమైన ఉదాహరణ రెంబ్రాంట్ 1648లో చేసిన ఎచింగ్. కిటికీ పక్కన కూర్చుని గీసుకుంటున్న బొమ్మ. చాలా చిన్నది, ఎత్తు 16 సెంటీమీటర్లు, వెడల్పు 13. అరచేతిలో పట్టేస్తుంది. తెర మీద ఇంత పెద్దగా చూపించడం దానికి అన్యాయమే. దీనికి ముందు 1639లో ఆయన ఇంకొక ఎచింగ్ చేసుకున్నాడు, రాతి గట్టు మీద మోచెయ్యి ఆనించి, ఖరీదైన పాతకాలపు దుస్తుల్లో, జమీందారులా. తొమ్మిదేళ్ళ తర్వాత ఇదిగో, మామూలు కోటు, పనివాళ్ళు పెట్టుకునే టోపీ, బల్ల మీద మడతలు పడ్డ గుడ్డ, చేతిలో సన్నటి పనిముట్టు. గీస్తున్నది కాగితం మీదో రాగిరేకు మీదో తేల్చడం కష్టం. కళ్ళు మాత్రం సూటిగా మనవైపే ఉన్నాయి. మనవైపు అంటే ఆయన దృష్టిలో అద్దం వైపు. గీత గీసి తలెత్తాడు, మళ్ళీ తల దించబోతున్నాడు. ఆ మధ్యలో దొరికిన క్షణం అది. చెయ్యి ఆగి ఉందన్న సంగతిని దాచాలని ఆయన ప్రయత్నించలేదు.

ఇదే ప్లేట్‌ని ఆయన ఒక్కసారితో వదల్లేదు. ఒకచోట చీకటి పెంచడం, ఒకచోట గీతలు కలపడం, ప్రతిసారీ కొన్ని ప్రింట్లు తీయడం. మొదటి దశల్లో కిటికీ అవతల ఖాళీగా ఉంటుంది, తర్వాతి దశలో అక్కడొక ప్రకృతి దృశ్యం కనిపిస్తుంది. పెయింటింగ్ మీద మార్పు చేస్తే పాతది అడుగున సమాధి అయిపోతుంది, దాన్ని చూడ్డానికి ఎక్స్‌రే కావాలి. ప్రింట్‌లో అలా కాదు. నిన్నటి దశ కాగితం మీద బతికే ఉంటుంది, వేరే ఎవరింట్లోనో.

పని ఎలా జరుగుతుందో తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను, మా విద్యార్థులు విసుక్కోకండి. రాగిరేకుని నూనె మరక లేకుండా తుడిచి, మైనం, తారు కలిసిన పలచని పూత వేస్తారు. దాన్ని గ్రౌండ్ అంటాం. దానికి పొగ పట్టించి నల్లగా చేస్తారు. ఆ నలుపు మీద సూదితో గీస్తే పూత లేచిపోయి అడుగున రాగి మెరుస్తుంది. అప్పుడు ప్లేట్‌ని ఆసిడ్‌లో పెడతారు. ఇప్పుడు చాలా స్టూడియోల్లో ఆసిడ్ బదులు ఫెర్రిక్ క్లోరైడ్ వాడుతున్నారు, దాని పొగ తక్కువ. అది గీత ఉన్నచోట లోహాన్ని తినేస్తుంది, పూత ఉన్నచోట ముట్టుకోదు. ఆ తర్వాత పూత తీసేసి, సిరా పూసి, పైపైన తుడిచేస్తే గాడుల్లో మాత్రమే సిరా మిగులుతుంది. తడిపిన కాగితం దాని మీద పరిచి, పైన ఉన్ని దుప్పట్లు వేసి, రోలర్ల మధ్య నుంచి నడిపిస్తారు.

ఇందులో తమాషా ఏంటంటే ఎడమ కుడి తిరగబడటం ఒక్కటే కాదు. ప్లేట్ మీద మీరు చూసేది నల్లటి నేల మీద మెరిసే గీత. కాగితం మీద పడేది తెల్లటి నేల మీద నల్ల గీత. అంటే చెంప కింద నీడ వేస్తున్నప్పుడు మీ కంటికి అక్కడ వెలుగు పెరుగుతూ కనిపిస్తుంది. అద్దంలో నీడ చూస్తూ ప్లేట్ మీద వెలుగు పోస్తూ ఉండాలి. మొదటిసారి చేసేవాళ్ళకి ఇదొక టెన్షన్. ఎక్కడ ఆపాలో తెలీక ముఖమంతా నల్లగా అచ్చవుతుంది. పుస్తకంలో చదివితే ఇది రాదు, ప్రూఫ్, అంటే పరీక్షకి ఒక ప్రింట్, తీసి చూసుకోవాల్సిందే.

మన ఊరి గాలి గురించి కూడా ఒక మాట. ప్రింట్‌కి తడి కాగితం కావాలి, నిజమే, కానీ విశాఖ ఇచ్చే తడి అది కాదు. సముద్రపు గాలికి తోమిన రాగిరేకు చూస్తుండగానే మసకబారుతుంది. వానాకాలంలో మంచి కాగితం బయట వదిలేస్తే చుక్కలు చుక్కలుగా బూజు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టండి, అల్మరా గోడకి ఆనించకండి. ఒకప్పుడు జింక్ స్మెల్టర్ నడిచిన ఊరు మనది, రాగి కొనలేకపోతే జింక్ ప్లేట్ మీద చేసినా పరవాలేదు. గీత కొంచెం మోటుగా వస్తుంది. నాకు ఆ మోటుతనం నచ్చుతుంది.

ఇప్పుడు ఒకే స్వీయచిత్రాన్ని పెయింటింగ్‌గానూ, ప్రింట్‌గానూ చేసిన మనిషి దగ్గరికి వెళ్దాం. విలియం హోగార్త్, లండన్, పుట్టింది 1697. చిన్నప్పుడు వెండి సామాన్ల మీద చెక్కే పని నేర్చుకున్నాడు. అందుకని బ్రష్షు కంటే ముందు ఆయన చేతికి అలవాటైంది లోహమే. 1757 ప్రాంతంలో ఒక చిన్న పెయింటింగ్ వేసుకున్నాడు. కుర్చీలో కూర్చుని, చేతిలో పాలెట్‌తో, ఎదురుగా కాన్వాస్ మీద హాస్యానికి దేవతగా గ్రీకులు చెప్పే థాలియాని తెల్లని గీతల్లో మొదలుపెడుతున్నాడు. మనవైపు చూడడు, తన పనివైపే చూస్తాడు. దీన్నే ప్లేట్ మీద చెక్కి 1758లో ప్రింట్‌గా అమ్మాడు. దాని కింద తన పేరుతో పాటు రాజుగారి చిత్రకారుడన్న హోదా కూడా వేసుకున్నాడు, ఆ పదవి వచ్చింది అంతకు ముందు ఏడాదే.

పెయింటింగ్‌ని ఎక్స్‌రే తీస్తే అక్కడ కూడా ఒక రహస్యం దొరికింది. పాత మాస్టర్ల చిత్రాల గుట్ట మీద కాలెత్తుతున్న ఆయన పెంపుడు కుక్క! తర్వాత మనసు మార్చుకుని దాని మీద రంగు పూసేశాడు. ప్రింట్ చేసి ఊరంతా అమ్మాల్సిన బొమ్మ కదా, జాగ్రత్తపడ్డాడేమో అని నా అనుమానం.

హోగార్త్‌కి ప్రింట్ అంటే వ్యాపారం కూడా. పెయింటింగ్‌కి కొనేవాడు ఒక్కడే, ప్రింట్‌కి వందలమంది. కానీ ఒకడు చేసిన ప్రింట్‌ని ఇంకొకడు నకలు తీసి చవగ్గా అమ్మేసేవాడు. దీని మీద ఆయన, తోటి కళాకారులు కలిసి పార్లమెంటు దాకా వెళ్ళి 1735లో చట్టం తెప్పించారు. ప్రింట్ తయారుచేసినవాడికి 14 ఏళ్ళు హక్కు. ఆ చట్టం 1735 జూన్‌లో అమల్లోకి వచ్చేదాకా ఆయన తన కొత్త ప్రింట్ల వరసని అమ్మకుండా ఆపుకున్నాడు. పనిలో ఉన్న తన బొమ్మని ప్రింట్ చేసుకోవడంలో ఈ పట్టుదల కూడా ఉందనుకుంటాను. ఈ చెయ్యి నాది, దీంతో చేసింది నాది అని.

1764లో, తను చనిపోయిన సంవత్సరంలోనే, ఆ ప్లేట్‌ని మళ్ళీ బయటికి తీసి సవరించాడు. రాగి మీద సవరించడమంటే తెల్ల రంగు పూసి పైన మళ్ళీ వెయ్యడం కాదు. స్క్రేపర్‌తో గీకి, బర్నిషర్‌తో రుద్ది, పల్లం పడితే వెనకనుంచి సుత్తితో కొట్టి మట్టం చేసి, అప్పుడు కొత్త గీత. అరవై ఆరేళ్ళ మనిషి తన బొమ్మని తనే గీకి, రుద్ది, కొట్టి మళ్ళీ చెక్కుకున్నాడు.

ఆడవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి పనిలో ఉన్నట్టు వేసుకోవడం సరదా కాదు, సాక్ష్యం. కాతరీనా వాన్ హెమెసెన్ 1548లో ఈజిల్ ముందు కూర్చున్న తన బొమ్మ వేసి, దాని మీదే లాటిన్‌లో రాసుకుంది, నేను నన్నే వేసుకున్నాను, నా వయసు ఇరవై అని. రాయకపోతే నమ్మరు మరి. హాలెండ్‌లో జూడిత్ లేస్టర్ 1630 ప్రాంతంలో వేసుకున్న చిత్రంలో ఒక చేతిలోనే పద్ధెనిమిది బ్రష్షులుంటాయి. మెడ చుట్టూ గంజి పెట్టిన పెద్ద లేసు కాలర్. ఆ కాలర్‌తో ఎవరూ ఆయిల్ కలర్స్ దగ్గరికి కూడా వెళ్ళరు. ఇంత చేసినా ఆమె చిత్రాలు చాలాకాలం ఫ్రాన్స్ హాల్స్ అనే డచ్ చిత్రకారుడు వేసినవిగా చెలామణి అయ్యాయి. 1893లో ఒక పరిశోధకుడు సంతకం గుర్తుపట్టేదాకా అంతే.

మన దేశంలో లేవా అంటే ఉన్నాయి, పైగా చాలా చిత్రమైనవి. అక్బర్ కోసం 1595లో తయారైన పారశీక కవి నిజామీ అయిదు కావ్యాల సంపుటి ‘ఖమ్సా’ ప్రతి ఒకటి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దాని చివరి పేజీలో, తర్వాత జహంగీర్ ఆజ్ఞ మీద, దౌలత్ అనే చిత్రకారుడు ఒక బొమ్మ చేర్చాడు. ఒకవైపు ఆ పుస్తకం రాసిన లేఖకుడు అబ్దుల్ రహీం కూర్చుని రాస్తున్నాడు. ఎదురుగా దౌలత్ కూర్చుని అతని బొమ్మ గీస్తున్నాడు. మనం ఏ పుస్తకం చదివామో దాన్ని చేసిన ఇద్దరూ చివర్లో ఎదురెదురుగా కనిపిస్తారు.

పహాడీ, అంటే హిమాలయాల కొండ రాజ్యాల, చిత్రకారుడు నైన్‌సుఖ్ 1730 ప్రాంతంలో తనని తాను వేసుకున్నాడు. కూర్చుని, ముందు పలక లాంటి బల్ల, చేతిలో బ్రష్షు. కానీ ముఖం పక్కనుంచి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మీ ముఖాన్ని పక్కనుంచి ఒక్క అద్దంలో చూసుకోగలరా? ఇప్పుడే ప్రయత్నించి చూడండి. కళ్ళు తిప్పితే తల తిరుగుతుంది, తల తిరిగితే పక్కచూపు పోతుంది. రెండద్దాలు కావాలి. లేదా అద్దం జోలికే పోకుండా, తను ఇతరులకి ఎలా కనిపిస్తాడో లెక్కగట్టి వెయ్యాలి. మన చిత్రకారులు రాజుని ఎలా పక్కనుంచి వేశారో తమని కూడా అలాగే వేసుకున్నారు. కళ్ళలోకి చూస్తూ “ఇదిగో నేను” అనడం వాళ్ళ పద్ధతి కాదు. అద్దం ముందు కూర్చున్నదే అసలైన స్వీయచిత్రం అనే యూరప్ లెక్కని మనం కళ్ళు మూసుకుని ఒప్పుకోనక్కర్లేదు.

ఇంకొక్క బొమ్మ చూపించి ఆపేస్తాను. కేతే కోల్విట్స్, జర్మనీ. జీవితమంతా ఎచింగ్, లిథో (రాతి మీద గీసి తీసే ప్రింట్), వుడ్‌కట్ (చెక్క మీద చెక్కి తీసే ప్రింట్) చేసిన మనిషి, తన ముఖాన్ని ఎన్నిసార్లు వేసుకుందో. ఇది ప్రింట్ కాదు, బొగ్గుతో గీసింది, 1933. ప్రష్యన్ కళల అకాడమీకి ఎన్నికైన మొదటి మహిళ ఆమె. అదే సంవత్సరం నాజీలు ఆమెను అక్కణ్ణుంచి వెళ్ళగొట్టారు. అప్పటికి వయసు అరవై అయిదు. ఆమె కూడా పక్కనుంచే ఉంది. ముఖం జాగ్రత్తగా, నెమ్మదిగా వేసింది. గీసే చేతి కొన కూడా కనిపిస్తుంది. మధ్యలో భుజం నుంచి మణికట్టు దాకా చూడండి, చొక్కా లేదు, మోచెయ్యి లేదు. బొగ్గుముక్కని అడ్డంగా పట్టుకుని టకటకా పైకీ కిందకీ లాగిన ఒకే ఒక్క వంకరటింకర చార. గీసే చెయ్యి మోడల్‌గా కూర్చోదని మొదట్లో అన్నాను కదా, ఆమె దాన్ని కూర్చోబెట్టాలని చూడలేదు. చెయ్యి ఎలా కదిలిందో ఆ కదలికనే అక్కడ పెట్టేసింది.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, చెప్పమ్మా.

(ఎడమచేతివాటం ఉన్న ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నకి సమాధానం)

మంచి ప్రశ్న. నువ్వు అద్దం చూసి కాన్వాస్ మీద వేసుకుంటే కుడిచేతివాటంలా కనిపిస్తావు. అదే ప్లేట్ మీద చేస్తే ఎడమచేతివాటంగానే పడతావు. పాత చిత్రకారుల్లో ఎవరిది ఏ చెయ్యో కనుక్కోవాలంటే ముఖచిత్రాన్ని నమ్మకూడదు, నీడ గీతల్ని చూడాలి. కుడి చేత్తో గబగబా నీడ గీతలు గీస్తే అవి మామూలుగా పైన కుడివైపు నుంచి కింద ఎడమవైపుకి వాలుతాయి. లియొనార్డో డ్రాయింగుల్లో అవి అటునుంచి ఇటు వాలతాయి, ఆయనది ఎడమ చెయ్యి. కానీ జాగ్రత్త, ప్రింట్‌లో ఆ వాలు కూడా తిరగబడుతుంది. కుడిచేతివాడి ఎచింగ్ చూసి ఎడమచేతివాడనుకునే ప్రమాదం ఉంది. లిథోలు చేసిన డచ్ కళాకారుడు ఎషర్‌ది నిజంగానే ఎడమ చెయ్యి.

రంగుల గురించి ఎవరో అడిగారు. ఒకే ప్లేట్ మీద ఒకేసారి చాలా రంగులు తీయవచ్చు. చిత్తూరు దగ్గర పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో అటెలియే 17 స్టూడియోలో పనిచేసిన మన ప్రింట్ కళాకారుడు కృష్ణారెడ్డి అక్కడివాళ్ళతో కలిసి అభివృద్ధి చేసిన పద్ధతి అది. సిరాల్లో నూనె పాళ్ళు మార్చితే ఒకటి ఇంకొకదాన్ని తోసేస్తుంది, అందుకే కలిసిపోవు. అదంతా మాటలతో అర్థం కాదు. రేపు పొద్దున్న ప్రెస్ గదికి పాత చొక్కాలు వేసుకుని రండి, ఒక చిన్న అద్దం ఎవరిది వాళ్ళే తెచ్చుకోండి. ప్లేట్లు నేను తెస్తాను.